ఇటుకరంగు స్వెట్టర్లు

పెద్దక్క మనుషుల మొహాలు చూడదు. ఇరవై రెండేళ్ళ కండక్టరు ఉద్యోగంలో ఆమె పెట్టుకున్న నియమం అది. మొహం చూస్తే మాట కలుస్తుంది, మాట కలిస్తే లెక్క తప్పుతుంది. బస్సు వెనక మెట్టు మీద నిలబడి వీపులు లెక్కపెట్టేది. నలభై ఆరు వీపులు, నలభై ఆరు టికెట్లు. చూపుడువేలు గాలిలో చిన్నగా ఊగుతూ వరసలు దాటేది. పెదాలు కదిలేవి కావు. చివరి వీపు దగ్గర వేలు ఆగగానే "రైట్" అనేది, బస్సు కదిలేది. ఆమె లెక్కని రెండోసారి చూసిన ఇన్‌స్పెక్టరు ఒకడున్నాడని, సిగ్గుపడి తర్వాతి స్టాపులో దిగిపోయాడని డిపోలో చెప్పుకునేవారు.

లెక్క ఆమెకు ఎనిమిదో ఏటే అంటుకుంది. తండ్రి నీళ్ళ పంపుహౌసులో పనిచేసేవాడు. పండగ వచ్చిందంటే డ్యూటీ అతనికే పడేది. అందుకని క్రిస్మస్ వారంలో చుట్టాల ఇళ్ళు తిరగడం తల్లి ఒక్కదాని పని అయింది. నలుగురు పిల్లలు, మారాల్సిన బస్సులు రెండు, ఒక చేతిలో కేకు పెట్టె, భుజాన సంచి. "నువ్వు లెక్క చూస్తూ ఉండవే," అని తల్లి పెద్దదానికి అప్పగించేది. ఎక్కిన చోటా దిగిన చోటా ఇద్దరు తమ్ముళ్ళనీ చెల్లెల్నీ వేలితో పొడిచినట్టు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అనేది. ఒక ఏడాది బస్సు దిగాక రెండే వచ్చాయి. అప్పటికే బస్సు కదిలిపోతోంది. చెప్పులు వదిలేసి, గొంతు చించుకుని అరుస్తూ ఆమె దాని వెనక పరుగెత్తింది. చిన్న తమ్ముడు సీటు కింద నిద్రపోతున్నాడు.

ఆ ఏడు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ తల్లి ఆ కథే చెప్పింది. పెద్దవాళ్ళు ఆమె తల నిమిరి, కేకులో అంచు ముక్క కాకుండా మధ్య ముక్క పెట్టారు. పరుగెత్తేటప్పుడు ఆ పిల్ల కడుపులో ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. పెద్దయ్యాక కూడా, డిసెంబరు గాలి మొదలవగానే ఆమెకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఆ "రెండు" అన్న అంకె. నక్షత్రాలూ కేకులూ ఆ తర్వాతే.

తమ్ముళ్ళకీ చెల్లెలికీ పెళ్ళిళ్ళయ్యాయి. పెద్దక్కకి మొదట సంబంధం కుదరలేదు, తర్వాత ఆమే కుదరనివ్వలేదు. ముగ్గురి పిల్లలూ కలిపి పదకొండుమంది తేలారు. క్రిస్మస్ రోజున వాళ్ళందరినీ చుట్టాల ఇళ్ళకి తిప్పి మధ్యాహ్నం భోజనం వేళకి అమ్మ ఇంటికి చేర్చడం ఆమె బాధ్యత. ఆమెకు ఆ బాధ్యత ఎవరూ ఇవ్వలేదు. ఆమె దగ్గర్నుంచి ఎవరూ తీసుకోనూ లేదు.

అమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. అయినా ఏటా పదకొండు స్వెట్టర్లు అల్లుతుంది. కుట్లు వేళ్ళతోనే లెక్క చూసుకుంటుంది. ఉన్ని ఒకేసారి కొంటారు కాబట్టి అందరికీ ఒకటే రంగు. "ఒకే రంగు అయితే నాకూ సులువు. ఆ రంగు వీపులు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది," అంది పెద్దక్క ఒకసారి. అప్పటినుంచి అదే ఆనవాయితీ అయింది. ఆ ఏడు వచ్చింది ఇటుకరంగు.

చిన్న తమ్ముడు పళ్ళు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరు. నాలుగు గదులు. ఒక్కో తలుపు జానెడు మందం, బయట మోచేయంత ఇనప గడియ. పక్కనే మిషను గది. దాని హోరులో పనిచేసి పనిచేసి అతను ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. క్రిస్మస్ రోజున అతనికి ఒంటిగంట దాకా షిఫ్టు. అందుకని పిల్లల వ్యాను ముందు అక్కడికి వెళ్ళి, అతన్ని ఎక్కించుకుని, అప్పుడు అమ్మ ఇంటికి వెళ్ళేది. పిల్లలకి ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఇల్లు అదే, అది ఇల్లు కాకపోయినా. అక్కడ "పొగ చూడ్డం" ఉంటుంది. ఆ ఊళ్ళో చలి స్వెట్టరు వేసుకునేంతే, నోట్లోంచి పొగ వచ్చేంత ఉండదు. షిఫ్టు అయిపోయే ముందు తమ్ముడు మూడో నంబరు గది తలుపు తీసి పిల్లల్ని ఒక్క నిమిషం లోపలికి వదిలేవాడు. వాళ్ళు నోళ్ళు తెరిచి హా, హా అంటూ పొగలు వదులుకుని, ఎవరి పొగ పెద్దదో పోట్లాడుకుని బయటికి వచ్చేవాళ్ళు. ఏడేళ్ళుగా జరుగుతున్నది అది.

ఆ రోజు వ్యాను చెల్లెలి మొగుడిది. అతను బేకరీలో డ్రైవరు. రొట్టెల బండి అడిగి తెచ్చాడు. వెనక కిటికీలు లేని పెట్టె, కింద దుప్పట్లు పరిచారు, పైన ఒక గుడ్డి బల్బు. ముందు సీట్లో అతనూ, చెల్లెలూ, పెద్దక్కా. తమ్ముళ్ళ భార్యలు వంటకి ముందే అమ్మ ఇంటికి వెళ్ళిపోయారు. పెద్ద తమ్ముడికి సెలవు దొరకలేదు.

కోల్డ్ స్టోరేజీలో ఆ రోజు మనుషులు లేరు. ఆఫీసుకు తాళం. ప్యాకింగు షెడ్డులో ఒకే ఒక ఆవిడ బల్ల ముందు నిలబడి ఒక్కో పండునీ పల్చటి కాగితంలో చుట్టి పెట్టెల్లో సర్దుతోంది. సాయంత్రం ఐదుకి లారీ వస్తుందట. ఆమె కాళ్ళ దగ్గర ఐదారేళ్ళ కూతురు, తలమీద బంగారు రంగు కాగితంతో చేసిన కిరీటం.

"వెళ్ళి వాళ్ళతో ఆడుకో, నన్ను పని చేసుకోనీ," అని ఆ తల్లి అనడం పెద్దక్క విన్నది. అంతకంటే ఆ పిల్లని పట్టించుకోలేదు.

చెల్లెలి చిన్న కూతురికి ఐదేళ్ళు. ఒక చోట కుదురుగా ఉండదని పిచ్చుక అని పిలుస్తారు. పిచ్చుకకి ఆ కిరీటం కావాలి. కిరీటం పిల్లకి స్వెట్టరు నచ్చింది. పెట్టెల చాటున ఆ ఇద్దరూ ఒక నిమిషంలో బేరం తెముల్చుకున్నారు. పెద్దవాళ్ళు కేకు కోస్తున్నారు.

"రండి, రండి," అని తమ్ముడు మూడో నంబరు తలుపు లాగాడు. తెల్లటి చలి నేలమీదుగా బయటికి పాకింది. "ఒక్క నిమిషమే. పెట్టెలు ముట్టుకోకూడదు. పరిగెత్తకూడదు. పోట్లాడకూడదు."

"ఊపిరి పీల్చుకోవచ్చా బాబాయ్?" అంది పెద్ద తమ్ముడి పద్నాలుగేళ్ళ కూతురు.

"అది కూడా కొంచెం కొంచెంగా."

పిల్లలు తోసుకుంటూ లోపలికి వెళ్ళారు. హా, హా అన్న అరుపులు వినిపించాయి. నిమిషం అయ్యాక తమ్ముడు చప్పట్లు కొట్టాడు. బయటికి వచ్చి వ్యాను వైపు పరుగెత్తుతున్న వాళ్ళ వెనక పెద్దక్క వేలు ఊగింది.

"పదకొండు," అంది. "రైట్."

తమ్ముడు చెయ్యి లైటు స్విచ్చి మీద ఉంది. "లోపల ఒకసారి చూడనా?"

"నా లెక్క మీద నీకెప్పట్నుంచిరా అనుమానం?"

అతను నవ్వాడు. లైటు ఆర్పి, తలుపు నెట్టి, గడియ వేశాడు. ఒంటిగంటకి పది నిమిషాలు. తర్వాతి షిఫ్టు ఆపరేటరుకి పుస్తకం అప్పగించి, చేతులు కడుక్కుని వచ్చి ముందు సీట్లో ఇరుక్కున్నాడు.

బండి ఊరు దాటుతుండగా వెనక పెట్టెలోంచి రేకు మీద ఎవరో తట్టారు. పెద్దక్క చిన్న కిటికీ పక్కకి జరిపింది. చిన్న తమ్ముడి ఎనిమిదేళ్ళ కూతురు మొహం కనిపించింది. ఇంట్లో ఏం జరిగినా అందరికీ చేరవేస్తుందని దానికి రేడియో అని పేరు.

"అత్తా, ఇక్కడ కొత్త పాప ఉంది."

"ఎవరే?"

"ఏమో. మాట్లాడట్లేదు."

"నిన్న వంటింట్లో పులి ఉందంది ఇదే," అంది చెల్లెలు.

"పులి కాదు, పిల్లి. పెద్ద పిల్లి."

"చూడమ్మా," అంది పెద్దక్క ఓపిగ్గా. "పదకొండుమంది ఎక్కారు. కొత్త పాప ఉంటే పన్నెండు అవ్వాలి కదా?"

రేడియో ఆలోచించింది. "అవును కదా," అని వెళ్ళి కూర్చుంది.

అమ్మ ఇంటికి చేరేసరికి రెండు కావస్తోంది. అమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. కళ్ళు సరిగా కనబడవు కాబట్టి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ముందు నిలబడాలి. రెండు చేతులతో మొహం తడిమి, ఎవరో చెప్పి ముద్దు పెడుతుంది. "ఇది ముక్కు చూస్తే పెద్దాడి రెండోది. ఇదిగో, దీని గడ్డం మా ఆయన గడ్డం." పిల్లలు గొంతు మార్చి మోసం చెయ్యాలని చూస్తారు. ఆమె ఎప్పుడూ మోసపోలేదు.

ఎనిమిదో పిల్ల దగ్గర అమ్మ చేతులు ఆగాయి. చెవులు తడిమింది. స్వెట్టరు అంచు పట్టుకుని కుట్లు తడిమింది. మళ్ళీ బుగ్గల మీదికి వచ్చింది.

"స్వెట్టరు నాదే," అంది. "పిల్ల మన పిల్ల కాదే."

"పిచ్చుకమ్మా అది," అంటూ చెల్లెలు నవ్వుతూ మెట్లెక్కి వచ్చింది. వచ్చి, వంగి చూసి, ఆగిపోయింది.

పెద్దక్కకి చెల్లెలి వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు బిగుసుకుపోవడం కనిపించింది. ఆమె వేలు దానంతట అదే లేచింది. ఒకటి నుంచి మొదలుపెట్టింది. పదకొండు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ పదకొండే వచ్చింది.

"పిచ్చుక ఏదక్కా?" అంది చెల్లెలు. గొంతు మామూలుగానే ఉంది. వ్యాను దాకా వెళ్ళి లోపల దుప్పట్లన్నీ ఎత్తి చూసింది. బండి కింద చూసింది. తిరిగి వచ్చి, ఈసారి చాలా మెల్లిగా, "అక్కా, పిచ్చుక ఏది?" అంది.

తమ్ముడు ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఈ స్వెట్టరు నీకెవరిచ్చారమ్మా?"

"ఆ పాప. నా కిరీటం తీసుకుంది."

"పాప ఎక్కడుంది?"

"పొగ దగ్గర, పెట్టెల వెనక దాక్కుంది."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. అతని మొహం గోడకు వేసిన సున్నంలా అయింది.

"నిన్ను బండెక్కించింది ఎవరు? ఎక్కేటప్పుడు చెప్పొచ్చు కదమ్మా," అంది పెద్దక్క.

ఆ పిల్ల భయంగా ఆమె చేతివంక చూసింది. "వేలు పెట్టి నన్ను కూడా లెక్కపెట్టారుగా."

పక్కింట్లో ఫోనుంది. తమ్ముడు కోల్డ్ స్టోరేజీ నంబరు తిప్పాడు. తాళం వేసిన ఆఫీసు గదిలో గంట మోగుతూ ఉండటం రిసీవర్లోంచి అందరికీ వినిపించింది. పక్కనే మిషన్లు నడుస్తుంటాయి, ఎవరికీ వినపడదు. ఫైర్ స్టేషనుకి చేస్తే, బండి బయటికి వెళ్ళింది, రాగానే పంపుతామన్నారు. రెండు నంబర్లకీ చేస్తూనే ఉండమని చిన్న తమ్ముడి భార్యని ఫోను దగ్గర కూర్చోబెట్టి నలుగురూ వ్యాను ఎక్కారు. కిరీటం పిల్లని పెద్దక్క ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

దారి యాభై నిమిషాలు. చెల్లెలి మొగుడు నడుపుతున్నాడు. హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

"లోపల ఎంత చలి ఉంటుంది?" అంది చెల్లెలు.

తమ్ముడు వాచీ చూసుకున్నాడు.

"నిన్నే అన్నయ్యా, అడుగుతున్నది."

"రెండు డిగ్రీలు."

"గాలి?"

"గాలికి లోటు లేదు. గది పెద్దది. దానికి భయం లేదు."

"లైటు?"

"ఆర్పేశాను కదా చెల్లీ."

చెల్లెలు తల ఊపింది, ఏదో లెక్కలో రాసుకున్నట్టు. "లోపల్నుంచి తీసుకోవడానికి ఏమీ ఉండదా?"

"ఉంటుంది. లోపలి వైపు ఒక గుండ్రటి పిడి ఉంటుంది. దాన్ని గట్టిగా నెడితే బయట గడియ లేస్తుంది."

"ఎంత ఎత్తులో?"

అతను తన గుండె దగ్గర చెయ్యి పెట్టి చూపించి, వెంటనే ఆ చెయ్యి దించేసుకున్నాడు.

పెద్దక్క ముందు రోడ్డు చూస్తోంది. ఆమెకు రోడ్డు కనిపించడం లేదు. చీకట్లో ఒక చిన్న చెయ్యి గోడ వెంట తడుముకుంటూ వెళ్ళడం కనిపిస్తోంది. తలుపు ఏదో గోడ ఏదో ఆ చేతికి తెలియదు, రెండూ ఒకేలా చల్లగా ఉంటాయి. ఎంతసేపటికి ఏడుపు ఆపుతుంది? ఆపాక ఏం చేస్తుంది? నిద్ర వస్తుందా? చలికి నిద్ర వస్తుందని ఎవరో ఎప్పుడో చెప్పారు. ఎవరు చెప్పారో గుర్తురాలేదు. ఆ మాట మాత్రం తల లోపల తిరుగుతూనే ఉంది. ఒళ్ళో కూర్చున్న పిల్ల స్వెట్టరు ఆమె చేతులకి వెచ్చగా తగులుతోంది. ఆ వెచ్చదనం భరించలేక చేతులు తీసి సీటు అంచు మీద పెట్టుకుంది.

వంతెన దగ్గర ముందు ఒక బస్సు అడ్డంగా నిలబడి ఉంది. జనం దిగుతున్నారు. పెద్దక్క బండి ఆగకముందే దిగి పరుగెత్తింది. ఆ కండక్టరు వేరే డిపోవాడు, మొహం ఎరిగినవాడే.

"పక్కకి తీయించు బాబూ. పిల్ల కోల్డ్ స్టోరేజీలో ఉండిపోయింది."

అతను ఆమె మొహం చూసి, ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు కిందా ఉన్న పెద్దాయన్ని మళ్ళీ పైకి లాగేసి, "రైట్, రైట్" అని బస్సు వెనక రేకు బాదాడు. బస్సు జరిగింది. ఆ మాట చెవిన పడగానే ఆమె వంతెన గోడ దగ్గరికి పరుగెత్తింది. దాన్ని పట్టుకుని కక్కుకుని, మూతి తుడుచుకుని వచ్చి వ్యాను ఎక్కింది.

"తలుపేసి రెండు గంటలైంది," అన్నాడు తమ్ముడు, గేటు కనిపించగానే. ఎవరూ అడగలేదు.

వ్యాను షెడ్డు ముందు ఆగేసరికి రెండో షిఫ్టు ఆపరేటరు ఎదురొచ్చాడు. అతని వెనక, ఎండ పడే చోట నేలమీద, ప్యాకింగు ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో గోనెసంచుల మూట. మూటకి పైన శాలువా. శాలువాలోంచి పిచ్చుక తల బయటికి ఉంది. పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

చెల్లెలు దూకి, పరుగెత్తుకెళ్ళి, చేతులు చాపింది. ఆవిడ మూటని మరింత దగ్గరికి లాక్కుంది.

"నా పిల్ల ఏది?" అంది.

చెల్లెలికి ఆ మాట అర్థం కాలేదు. "ఇవ్వండమ్మా, నా కూతురు," అంది.

"నీ కూతురని తెలుసు. నా పిల్ల ఏది? అది చెప్పి తీసుకో."

అప్పుడు పెద్దక్క ఆ పిల్లని వ్యానులోంచి దింపింది. పిల్ల ఇటుకరంగు స్వెట్టరులో నాలుగడుగులు నడిచి, తల్లి మొహం చూసి, అక్కడే నిలబడిపోయి ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ చేతులు వదులయ్యాయి. చెల్లెలు మూటని ఎత్తుకుంది. ఆవిడ కూర్చున్న చోటునుంచే కూతురి చెయ్యి పట్టి లాగి, వీపు మీద ఒకటి వేసి, గుండెకి అదుముకుంది.

"ఒంటిగంటన్నర నుంచి వెతుకుతున్నా," అంది. ఎవరి వైపూ చూడకుండా చెబుతోంది. "మీ పిల్లలతో ఆడుతుందనుకున్నా. మీ బండి వెళ్ళిపోయింది, ఇది కనపడలేదు. నీళ్ళ తొట్టి చూశా. రోడ్డు మీదికెళ్ళి చూశా. ఒక లారీ పోయింది, దాని వెనక పరిగెత్తా. ఆఖరికి ఈయన్ని గదులు తీయమన్నా. తీయనన్నాడు."

"పుస్తకంలో అన్నీ మూసినట్టు సంతకం ఉందమ్మా," అన్నాడు ఆపరేటరు, తమ్ముడి వైపు చూడకుండా. "తలుపు తీస్తే చలి పోతుంది. రూలు."

"తీయకపోతే మిషను ఆపేస్తానని స్విచ్చి మీద చెయ్యి పెట్టి నిలబడ్డా. అప్పుడు తీశాడు. మూడోదాంట్లో, అడుగున, పెట్టెల వెనక్కి చెయ్యి పెడితే కాగితం కిరీటం తగిలింది. దేవుడా దొరికింది అనుకున్నా. ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంటూ బయటికి తెచ్చా." ఆవిడ ఆగింది. "వెలుగులోకి వచ్చి చూస్తే నా పిల్ల కాదు."

చెల్లెలు మూట మీద తన పైట కూడా కప్పింది.

"కింద పెట్టేసి మళ్ళీ వెతకడానికి పోదామనుకున్నా. ఇది నా జాకెట్టు పట్టుకుని వదల్లేదు. చెక్కలా ఉంది ఒళ్ళంతా. వదిలేస్తే ఇది ఉండదనిపించింది. దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. నా పిల్ల ఏ బావిలో ఉందో అనుకుంటూ కూర్చున్నా." తల ఎత్తింది. "లెక్క చూసుకుని వెళ్ళిందెవరు?"

తమ్ముడు నోరు తెరిచాడు.

"నేను," అంది పెద్దక్క.

ఆవిడ ఆమెను పైనుంచి కిందికి చూసింది. కొడుతుందనుకుంది పెద్దక్క. కొడితే బాగుండుననిపించింది. ఆవిడ కూతురి ముక్కు తుడిచి, నేలమీద చెయ్యి ఆనించి లేచి, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

డాక్టరు ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. ఆపరేటరు గుర్తులు చెప్పాడు. చెల్లెలు మూటతో వ్యాను ఎక్కింది, తమ్ముడు పక్కన ఎక్కాడు. పెద్దక్క తలుపు పట్టుకుంది.

"నువ్వొద్దక్కా," అంది చెల్లెలు.

"ఊరికే పక్కన కూర్చుంటానే."

"వద్దన్నానా."

వ్యాను వెళ్ళిపోయింది. పెద్దక్క షెడ్డులో నిలబడింది. ప్యాకింగు ఆవిడ మళ్ళీ పళ్ళు చుడుతోంది. చుట్టిన పండు చేతిలోంచి జారి, దొర్లి, పెద్దక్క కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. మరో పండు తీసుకుని, కాగితం తీసుకుంది.

"అట్లా కాదు," అంది ఆవిడ. "మూలలు కిందికి రావాలి. తొడిమ గుచ్చుకుంటే పక్క పండు పాడవుతుంది."

"ఇట్లాగా?"

"ఊ."

ఇద్దరూ చుట్టారు. ఆవిడ కూతురు బల్ల కింద, వాళ్ళ కాళ్ళ మధ్య కూర్చుంది. ఆవిడ రెండు పళ్ళకొకసారి కాలితో తడిమి చూసుకుంటోంది. పెద్దక్క చెవులు గేటు దగ్గర ఉన్నాయి. ప్రతి బండి చప్పుడుకీ చేతిలో కాగితం నలిగిపోతోంది. చీకట్లో చెయ్యి మళ్ళీ గోడ తడుముతోంది. పిల్ల దొరికింది, కళ్ళారా చూసింది, అయినా ఆ చెయ్యి ఆగడం లేదు. డాక్టరు దగ్గర ఇంతసేపెందుకు? నేరేడు రంగు పెదాలు. గుండె సంగతి చలి తగ్గాకే తెలుస్తుందంటారా? ఆమె ఎవరినీ అడగలేదు. ఇరవై పెట్టెలు నిండాయి.

నాలుగున్నరకి వ్యాను వచ్చింది. చెల్లెలు దిగింది. పిచ్చుక ఆమె భుజం మీద నిద్రపోతోంది. పాదాలకి డాక్టరుగారి ఇంట్లో ఎవరివో పెద్ద మేజోళ్ళు. పెదాలు ఇప్పుడు పెదాల రంగులోనే ఉన్నాయి.

"ఫర్వాలేదన్నాడు," అంది చెల్లెలు. "గంటసేపు పొట్ట మీద వేడినీళ్ళ సీసా పెట్టి ఉంచాడు. జ్వరం రావచ్చట. వస్తే రమ్మన్నాడు." ప్యాకింగు ఆవిడ దగ్గరికి వెళ్ళి శాలువా బల్ల మీద పెట్టింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ కాసేపు పట్టుకోనిచ్చింది. తర్వాత, "పనుంది తల్లీ," అని తీసుకుంది.

చెల్లెలు పెద్దక్క ముందుకి వచ్చింది. "కాస్త పట్టుకో. అప్పట్నుంచి ఎత్తుకునే ఉన్నా, చేతులు లాగేస్తున్నాయి."

పెద్దక్క చేతులు చాపలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకివ్వకే," అంది. "నాకు భయంగా ఉంది."

నలభై నాలుగేళ్ళలో ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. తమ్ముడు వ్యాను దగ్గర్నుంచి తల తిప్పి చూశాడు.

చెల్లెలు కూడా చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వాటిల్లో కోపం ఇంకా ఉంది, దాన్ని దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"నాకు మాత్రం లేదా," అంది. "పొద్దుగూకుతోంది, పద. తల నేను పట్టుకుంటా. కాళ్ళు నువ్వు పట్టుకో."

వ్యాను వెనక పెట్టెలో దుప్పట్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పిల్లని ఇద్దరి ఒళ్ళలోనూ పడుకోబెట్టుకున్నారు. పెద్దక్క మేజోళ్ళ పైనుంచే ఆ పాదాలు రెంటినీ పట్టుకుంది. బండి గేటు దాటుతుంటే పిచ్చుక నిద్రలో ఒకసారి కాలు విదిలించింది. పెద్దక్క ఉలిక్కిపడి చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు కళ్ళు మూసుకునే, "నిద్రలో అట్లాగే తంతుంది," అంది.